ఆట నియమం ఏం చెబుతుంది? సామాజిక ప్రయోజనం కోసం జరిగిన ఒక విద్యార్థి వీడియో గేమ్ పోటీపై విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వీడియో గేమ్‌లో ఇతివృత్తాన్నీ నియమాన్నీ వేరుచేసి చూడగలుగుతారు.
• 'డార్ఫర్ ఈజ్ డైయింగ్' ఆటలోని గుణదోషాలను వివరించగలుగుతారు.
• మీ ప్రాంత సమస్యపై తయారయ్యే ఆటను విమర్శ దృష్టితో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

కథను చదువుతాం, సినిమాను చూస్తాం, ఆటను మాత్రం ఆడతాం. వీడియో గేమ్‌ను విమర్శించేటప్పుడు ఈ తేడాను మరువకూడదు. ఆడేవారు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, చేస్తే ఏమవుతుంది అనే మూడు విషయాలనూ నియమమే నిర్ణయిస్తుంది. ఇయాన్ బొగొస్ట్ అనే అమెరికన్ విమర్శకుడు 2007లో వెలువడిన 'పర్సువేసివ్ గేమ్స్' గ్రంథంలో ఈ సంగతిని సిద్ధాంతీకరించాడు. మాటలతో, బొమ్మలతో వాదించినట్టే నియమాలతోనూ వాదించవచ్చునని ఆయన ప్రతిపాదన.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' విధానాన్ని ప్రకటించింది. ఆటల తయారీ ఇక మన విద్యార్థులకూ దూరపు సంగతి కాదు. సమాజానికి మేలు చేసే ఆట తయారు చేయండి అని పోటీలు పెట్టినప్పుడు ఏ ఆటను మంచి ఆట అనాలి? ఈ ప్రశ్నను ఒక నిజమైన పోటీ ఆధారంగా పరిశీలిద్దాం.

2. పోటీ నేపథ్యం

సూడాన్ దేశపు పడమటి ప్రాంతం డార్ఫర్. అక్కడ 2003లో అంతర్యుద్ధం మొదలైంది. జంజవీద్ అనే సాయుధ మూకలు ఊళ్ళను తగలబెట్టగా లక్షలాది ప్రజలు శిబిరాల పాలయ్యారు. ఈ విషయాన్ని అమెరికాలోని యువతకు తెలియజేయాలని కళాశాల విద్యార్థుల టెలివిజన్ ఛానెల్ ఎంటీవీయూ 2005లో ఒక పోటీ ప్రకటించింది. రీబాక్ మానవ హక్కుల ఫౌండేషన్, ఇంటర్నేషనల్ క్రైసిస్ గ్రూప్ దానికి తోడ్పడ్డాయి. సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న సుసానా రూయిజ్, ఆమె సహచరులు తయారు చేసిన 'డార్ఫర్ ఈజ్ డైయింగ్' గెలుపొందింది. 2006 ఏప్రిల్ 30న ఆ ఆటను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు.

3. ఆట నిర్మాణం

ఆటలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో శిబిరంలోని ఒక కుటుంబం నుంచి ఒకరిని ఎంచుకొని నీళ్ళ కోసం పంపాలి. ఎంచుకున్న మనిషి ఎడారిలో పరుగెత్తాలి. జీపుల్లో వచ్చే జంజవీద్ కంట పడకుండా చాటున దాక్కోవాలి. పట్టుబడితే ఆ మనిషికి ఏం జరిగే అవకాశముందో కొన్ని వాక్యాలు తెరపై కనిపిస్తాయి. తరువాత కుటుంబంలో మరొకరిని ఎంచుకోవాలి.

రెండవ భాగంలో తెచ్చిన నీటితో శిబిరాన్ని నడపాలి. పైరుకూ నీరే కావాలి, ఇల్లు కట్టడానికీ నీరే కావాలి. దాడులను తట్టుకుంటూ ఏడు రోజులు నిలబడాలి. అమెరికా అధ్యక్షుడికి సందేశం పంపే అవకాశం కూడా ఆటలోనే ఉంది.

4. ఇతివృత్తం – నియమం: మన ఆటల సాక్ష్యం

ఈ ఆటను తూచే ముందు మనకు తెలిసిన రెండు ఆటలను చూద్దాం.

మొదటిది వైకుంఠపాళి. నిచ్చెనలు సద్గుణాలకు, పాములు దుర్గుణాలకు గుర్తు. పైన వైకుంఠం. ఇతివృత్తం చూస్తే ఇంతకంటే నీతిబోధ చేసే ఆట లేదు. కాని నియమం చూడండి. గవ్వలు వేయడం తప్ప ఆడేవారు చేసేదేమీ లేదు. దానం చేయాలా, లోభం చూపాలా అని ఎంచుకునే వీలు ఎక్కడా ఉండదు. పటం మీది పేర్లు 'మంచిగా నడుచుకో' అంటాయి. నియమం మాత్రం 'అంతా గవ్వల చేతిలో ఉంది' అంటుంది.

రెండవది పులిజూదం. తెలంగాణ పల్లెల్లో రచ్చబండల మీదా, గుడి బండల మీదా చెక్కిన ఈ గీతలను మీరు చూసే ఉంటారు. వ్యాప్తిలో ఉన్న ఒక రకంలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. మేక వెనుక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. వెనుక మరో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు. పులులు కదలలేకుండా చుట్టుముడితే మేకలది గెలుపు. ఇందులో నీతివాక్యం ఒక్కటీ లేదు. అయినా ఒంటరి మేక చస్తుందనీ, కలిసి నిలిచిన మేకలు పులిని కట్టడి చేస్తాయనీ ఆడిన పిల్లవాడికి చేతి వేళ్ళతోనే తెలుస్తుంది.

ఎవరి చేతిలో ఎంత బలం ఉంది, జరిగినదానికి ఎవరు జవాబుదారీ అన్నది ఆటలో నియమమే చెబుతుంది. సామాజిక ప్రయోజనం ఉందా లేదా అన్నది అక్కడే తేలాలి. పోటీ నిర్ణేతలు ఇతివృత్తం గొప్పదని మార్కులు వేస్తే వైకుంఠపాళి ప్రతిసారీ పులిజూదాన్ని ఓడిస్తుంది.

5. గుణదోషాలు

'డార్ఫర్ ఈజ్ డైయింగ్'లో నాకు అన్నిటికంటే మెచ్చదగినదిగా తోచినది ఒక చిన్న నిరాకరణ. నీళ్ళకు పంపడానికి వయసులో ఉన్న మగవాణ్ణి ఎంచుకుంటే ఆట ఒప్పుకోదు. మగవాడు బయటికి వెళితే జంజవీద్ చంపే ప్రమాదం ఎక్కువ కనుక మరొకరిని ఎంచుకోమంటుంది. బలమైనవాణ్ణి పంపుదామని అనుకున్న మనం ఆడవాళ్ళనో, పిల్లలనో పంపక తప్పదు. ఆ శిబిరంలోని తల్లి ముందున్న చిక్కు ఏమిటో ఈ ఒక్క నియమం తెలియజేస్తుంది. రెండవ భాగంలో నీటి పంపకమూ ఇలాగే పనిచేస్తుంది. ఇంటికి వాడిన నీరు పైరుకు ఉండదు.

పరుగు విషయంలో మాత్రం నియమం దారి తప్పింది. బాగా ఆడితే తప్పించుకోవచ్చు, సరిగా ఆడకపోతే పట్టుబడతాం. అంటే బతకడం వేళ్ళ నేర్పు మీద ఆధారపడింది. నిజంగా అక్కడ పట్టుబడిన ఆడపిల్ల నేర్పు చాలక పట్టుబడిందా? ఆట రచయితల ఉద్దేశం అది కానే కాదు. అయినా నియమం ఆ మాట అంటూనే ఉంది. పట్టుబడిన బిడ్డ స్థానంలో మరో బిడ్డను ఎంచుకోవడం కూడా మామూలు ఆటల్లో మిగిలిన 'లైఫ్'లను లెక్కపెట్టుకోవడం వంటిదే. ఇంత దుఃఖాన్ని ఆటగా మలచడం తగునా అని ఆనాడే కొందరు ఆక్షేపించారు. ఆటగా మలచడంలో తప్పులేదు. తప్పు ఈ ఒక్క నియమంలో ఉంది.

మరొక సంగతి. శిబిరంలోని మనిషి ఎంత చేసినా తాత్కాలికంగా నిలబడగలడు, అంతే. అసలైన మార్పు అమెరికాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవారి సందేశంతో రావాలి. పోటీని ఉద్దేశించినదే ఆ విద్యార్థుల కోసం కనుక ఇది సహజమే. అయితే ఆ నియమంలో డార్ఫర్ ప్రజలు సహాయం కోసం ఎదురుచూసేవారుగా మిగిలిపోయారు.

ఆ ఆట ఫ్లాష్ అనే సాంకేతికతతో తయారైంది. అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపివేసింది. నాడు బ్రౌజర్ తెరచి ఆడినట్టు నేడు ఆడలేం. ఆట చేతికి అందనప్పుడు దాని నియమాలను వివరంగా రాసిపెట్టిన విమర్శే తరువాతివారికి ఆధారమవుతుంది. అందుకే ఆటపై రాసేటప్పుడు అభిప్రాయం కంటే ముందు వర్ణన రాయండి.

6. మన ప్రాంతానికి అన్వయం

డార్ఫర్ ఆట నీళ్ళ కోసం చేసే పరుగు. నల్లగొండ జిల్లాలో నీళ్ళ బాధ మరో రూపంలో ఉండింది. నాగార్జునసాగర్‌కు చేరువలోని తిరుమలగిరిలో ఒక విద్యార్థి ఫ్లోరైడ్ సమస్యపై ఆట తయారు చేయాలనుకున్నదని అనుకుందాం.

మొదట తోచే ఆలోచన ఫ్లోరైడ్‌ను రాక్షసుడిగా చూపి తుపాకీతో కాల్పించడం. ఇది వైకుంఠపాళి దారి. తుపాకీ నియమం ఫ్లోరైడ్ గురించి ఏమీ చెప్పదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చుననీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతుంది. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర పోతాయి. కనుక ఆటలో దెబ్బ వెంటనే తగలకూడదు. ఈరోజు తాగిన నీటి ఫలితం ఎన్నో వంతుల తరువాత కనిపించాలి.

ఇక్కడే జాగ్రత్త అవసరం. దగ్గరి బోరు ఎంచుకున్నావు కనుక నీ బిడ్డ కాళ్ళు వంకర పోయాయి అని ఆట ముగిస్తే, పరుగు నియమంలోని పొరపాటే మళ్ళీ జరుగుతుంది. కూలికి పోవలసిన తల్లికి దూరపు మంచినీరు తెచ్చే తీరిక ఎక్కడిది? తప్పు ఆమె మీద మోపే ఆట సమాజానికి మేలు చేయదు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చి తీస్తారు. ఆ పని ఒకనాటితో తీరదు. రోజూ ఎవరో ఒకరు చేయాలి, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆటలో ఒక ఇల్లు ఒంటరిగా ఈ పని మోయలేక ఓడిపోవాలి. ఇళ్ళన్నీ కలిసి పంచాయతీని కదిలిస్తే, పంచాయతీ ప్రభుత్వాన్ని కదిలిస్తే, దూరపు నది నీరు కుళాయికి రావాలి. ఇది పులిజూదం దారి.

7. సారాంశం

సామాజిక ప్రయోజనం గల ఆటకు మంచి ఇతివృత్తం చాలదు. బలం ఎవరి చేతిలో ఉందో, బాధ్యత ఎవరిదో నియమం సరిగా చెప్పాలి. 'డార్ఫర్ ఈజ్ డైయింగ్' ఎంపికలోనూ నీటి పంపకంలోనూ ఈ పని చక్కగా చేసింది. పరుగులో చేయలేకపోయింది. ఆ ఒక్క లోపాన్ని చూపించగలిగితే తరువాత తయారయ్యే ఆట మెరుగవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వైకుంఠపాళిలో ఇతివృత్తానికీ నియమానికీ గల వైరుధ్యం ఏమిటి?
2. 'డార్ఫర్ ఈజ్ డైయింగ్'లో పరుగు నియమం ఎందుకు లోపభూయిష్టమో వివరించండి.
3. మీ ఊరి సమస్య ఒకటి తీసుకొని, దానిపై ఆటకు మూడు నియమాలు రాయండి. ఒక్కొక్క నియమం ఎవరిని బాధ్యులను చేస్తుందో చర్చించండి.