మూసకు చిక్కని మొహరు

సూరత్ సలాబత్‌పురాలో బంగారమంటే ముందు గుర్తొచ్చేది జరీయే. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి సూరత్‌లో స్థిరపడ్డ పద్మశాలీల మధ్య తిరిగే నాకు మాత్రం మొఘలుల నాటి బంగారు నాణేలైన మొహరుల పిచ్చి. వాటిలో కొన్నిటిని కొట్టింది ఈ ఊళ్లోనే.

1573లో సూరత్ అక్బరు చేతికొచ్చింది. ఎర్రసముద్రం మీదుగా వచ్చే ఓడలు వెండితో పాటు వెనిస్ డుకాట్లనూ దింపేవి. వర్తకుడు ఆ లోహాన్ని టంకశాలకు ఇస్తే, సుంకం పట్టుకుని నాణేలు కొట్టి ఇచ్చేవారు. తూకం సరిచూసిన బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే చాలా మొహరుల మీద రాత పూర్తిగా పడదు. ఊరి పేరూ, ఏడూ రెండూ నిలిచిన బిళ్ల దొరికితే ఆ రోజు మనకు పండగే.

దొంగ నాణేన్ని పట్టడానికి కంసాలి గీటురాయి పనికిరాదు, అది నాణేన్నే అరగదీస్తుంది. నేను దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూస్తాను. 11 గ్రాముల మేలిమి మొహరు నీళ్లలో 0.57 గ్రాము తగ్గాలి. 0.62 దాకా తగ్గిందంటే అందులో రాగి పాలు ఎక్కువే. తర్వాత భూతద్దం. పోతపోసిన నకిలీ మీద సన్నటి బొడిపెలు, అంచున అతుకు గీత కనిపిస్తాయి. ఆపైన లెక్క: ఔరంగజేబు నాణెం మీద హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ ఉంటాయి. 1100 అని ఉంటే పక్కన 32 గానీ 33 గానీ ఉండాలి. 40 ఉంటే తిరిగి ఇచ్చెయ్యడమే. షరాబులు పరీక్షకు కొట్టిన చిన్న గుర్తులను కొందరు లోపమంటారు. నాకవి ఆ నాణెం బజార్లో తిరిగిందనడానికి సాక్ష్యం.

చక్రవర్తిని నేనేనని 1657లో ప్రకటించుకున్న ఔరంగజేబు తమ్ముడు మురాద్ బక్ష్ కూడా సూరత్‌లో తన పేర నాణేలు కొట్టించాడు. డబ్బు కోసం అతని మనుషులు ఇక్కడి షావుకార్లనే పీడించారు. మరుసటి ఏడే తమ్ముణ్ణి ఔరంగజేబు బంధించాడు. ఆ కొన్ని నెలల ఏలికకు సాక్ష్యం చేత్తో పట్టుకోవాలంటే నాణెమే దిక్కు.

ఇంత చరిత్రకూ శత్రువు మూస. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ కొన్ని మొహరులు గొలుసులైపోతాయి. కడిగి మెరుగుపెట్టే ఉత్సాహవంతులు ఇంకో బెడద, అక్షరాల అంచులు పోతే మిగిలేది తూకం ధరే. భూమిలో దొరికినదాన్ని దాచుకోవడం మాత్రం వేరే సంగతి. పది రూపాయలు మించిన విలువుంటే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

మన కాసులపేరు కొన్ని నాణేలను కాపాడిన మాట నిజమే, కొక్కేల గాయంతో. నా దగ్గరున్న ఒక్కగానొక్క సూరత్ మొహరూ ఎవరి మెడలోనో వేలాడిందే. పారసీలో ఊరి పేరు చివరి అక్షరం మీద రెండు చుక్కలుండాలి. కొక్కెం ఊడదీసిన చోట అవి అతుకు కింద పోయాయి. ఆ మచ్చను ఇంతవరకూ గీకించలేదు.