కారు తిరగలేదు, ఇంజన్ తిరిగింది

"ఆయిల్ మార్చెయ్యండి, ఫిల్టర్ సంగతి వచ్చేసారి చూద్దాం." భీమడోలు, ఏలూరు, తాడేపల్లిగూడెం, ఏ ఊరి షెడ్డులో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. కారణం అడిగితే ఓనరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "బండెక్కడ తిరిగిందండీ? శనివారం శనివారం చిన్న తిరుపతి కొండకెళ్లి రావడమేగా!" మా మెకానిక్ దీనికి ఎప్పుడూ ఒకటే చెబుతాడు: "కారు తిరగలేదండీ, ఒప్పుకుంటాను. ఇంజన్ తిరిగిందిగా!"

ఆయిల్ ఫిల్టర్ ఎంతకాలం ఉంచొచ్చన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నేను వినలేదు.

ముందు కారుతో వచ్చే పుస్తకం ఏమంటుందో చూద్దాం. మన దగ్గర అమ్ముడయ్యే చాలా పెట్రోలు కార్లకి ఆయిలూ ఫిల్టరూ కలిపి 10,000 కిలోమీటర్లకి గానీ ఏడాదికి గానీ, ఏది ముందొస్తే దానికి మార్చమని రాసి ఉంటుంది. మనం 10,000 అన్న అంకె దగ్గరే చదవడం ఆపేస్తాం. ఏడాది మాట కళ్ళకి ఆనదు. ఆ తర్వాత పేజీలో ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, కొద్ది దూరాల ప్రయాణాలు, ఆగి ఉన్నా ఇంజన్ ఆన్‌లో ఉండటం లాంటి వాడకమైతే గడువు బాగా తగ్గించాలని, చాలా బళ్ళకి సగానికి సగం చేయాలని అందులో ఉంటుంది. ఆ పట్టిక రాసినవాడు మన కొల్లేరు గట్ల మీద ఓసారి తిరిగి వెళ్లాడేమో అనిపిస్తుంది నాకు.

ట్రాక్టరు ఉన్న రైతుకి ఈ విషయం విడమరిచి చెప్పక్కర్లేదు. ట్రాక్టరుకి కిలోమీటర్లతో పనిలేదు, గంటల మీటరే దిక్కు. చాలా ట్రాక్టర్లకి 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్చడం వాడుక. అదే లెక్క ఊరికే కారుకి వేసి చూడండి. సగటున గంటకి 40 కిలోమీటర్ల చొప్పున నడిచే కారు 250 గంటల్లో 10,000 తిరుగుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద సగటున 20 కూడా దాటని కారు అదే 250 గంటల్లో 5,000 మాత్రమే తిరుగుతుంది. మీటరు సగం చూపించినా ఇంజన్ పడ్డ కష్టం అంతే. రద్దీ రోజున కొండ దగ్గర ఏసీ వేసుకుని, దర్శనానికి వెళ్లిన వాళ్ల కోసం కార్లోనే కూర్చుంటే మీటరు అసలు కదలదు. ఆ గంట ఎవరి ఖాతాలోనూ పడదు, ఒక్క ఫిల్టర్ ఖాతాలో తప్ప.

ఇంతకీ ఆ ఫిల్టర్ డబ్బాలో ఏముందని? మడతలు మడతలుగా పేర్చిన ఒకరకం కాగితం. మామూలు ఫిల్టర్ 20 నుంచి 40 మైక్రాన్ల రజనుని బాగానే పట్టేస్తుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంజన్ అరుగుదల పొడి, మసి, ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోతే లోపలికి జొరబడే దుమ్ము, అన్నీ ఇక్కడ చిక్కాలి. నిజానికి కాస్త రజను పట్టిన కాగితం కొత్తదానికంటే సన్నగా వడగడుతుంది కూడా. అందుకని మూడు వేలకోసారి ఫిల్టర్ మార్చేవాళ్ళని చూసి అబ్బురపడాల్సింది లేదు. మంచి సింథటిక్ ఆయిల్ పోసి హైవే మీద తిరిగే కారుకి అది డబ్బు దండగ.

ఆలస్యం చేస్తేనే అసలు చిక్కు. కాగితం నిండిపోతే ఆయిల్‌కి దారి మూసుకుపోవాలి. ఆయిల్ అందకపోతే బేరింగులు నిమిషాల్లో పట్టేస్తాయి. అందుకే ఫిల్టర్‌లోనో దాని పక్కనో ఒక బైపాస్ వాల్వ్ పెట్టారు. ఒత్తిడి పెరగ్గానే అది తెరుచుకుని, ఆయిల్‌ని వడగట్టకుండానే లోపలికి వదిలేస్తుంది. మురికిదైనా ఆయిల్ అందడం మేలని ఇంజనీర్లు పెట్టిన ఏర్పాటు అది. అయితే వాల్వ్ తెరుచుకున్న సంగతి మీకు చెప్పేవాడు ఉండడు. డాష్‌బోర్డు మీద నూనె కుండ బొమ్మతో వెలిగే ఎర్ర దీపం ప్రెజర్ పడిపోతేనే వెలుగుతుంది, ఫిల్టర్ నిండితే వెలగదు. బండి మామూలుగానే పోతుంది. లోపల రజను బేరింగుల్ని గీస్తూ ఉంటుంది. కొన్నాళ్లకి పొగ మొదలై "బోరుకొచ్చింది" అన్న కబురు వస్తుంది. 300 రూపాయల లోపు దొరికే డబ్బా దగ్గర ఆదా చేసినవాడు ఇంజన్ పనికి వేలకు వేలు లెక్కపెడతాడు.

కిలోమీటర్లు తిరగని కారుకి ఏడాది గడువెందుకంటారా? ఫిల్టర్ రజనునే ఆపుతుంది. నీటి తేమనీ, పెట్రోలునీ, ఆమ్లాలనీ ఆపలేదు. ఇంజన్ బాగా కాగితేనే తేమా పెట్రోలూ ఆవిరై పోతాయి. బజారుకెళ్లి వచ్చే కారుకి ఆ వేడి ఎక్కదు. తేమ, ఆమ్లం కలిసి కాగితాన్ని నానబెడతాయి. డబ్బాలో ఆయిల్‌ని వెనక్కి జారకుండా ఆపే రబ్బరు బిళ్ళ కూడా గట్టిపడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు కటకటమంటోందంటే ఒకసారి దానివైపు కూడా చూడాలి. బీఎస్-6 డీజిల్ కార్లవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సైలెన్సర్‌లోని మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా పోసుకునే డీజిల్, చిన్న ప్రయాణాల్లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది.

ఆయిల్ మార్చి ఫిల్టర్ ఉంచెయ్యడం గురించి కూడా ఒక మాట. డబ్బాలో పావు లీటరు అటూ ఇటూగా పాత ఆయిల్ మిగులుతుంది. అప్పడాలు వేయించిన మూకుట్లో అడుగు తియ్యకుండా కొత్త నూనె పోసినట్టే. కొన్ని కంపెనీల పాత పుస్తకాలు రెండు ఆయిళ్లకి ఒక ఫిల్టర్ చాలన్న మాట నిజమే. అప్పట్లో ఆయిల్ గడువే తక్కువ. ఇప్పటి గడువులకి ఆ మాట పట్టుకుని వేలాడకూడదు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఫిల్టర్ మార్చినప్పుడు దగ్గరే నిలబడతాను. పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయిందేమో చూడమంటాను. అలా అంటుకున్నదాని మీదే కొత్తది బిగిస్తే ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. కొత్త రింగుకి వేలితో ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పాలి. రింగు ఆనాక ముప్పావు చుట్టు చాలు, స్పానర్ అక్కర్లేదు. డబ్బా మీద తేదీ, కిలోమీటర్లు మార్కరుతో రాయిస్తాను. పేరున్న కంపెనీ అట్టపెట్టెలో నకిలీ సరుకు వస్తోంది కాబట్టి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొంటాను.

చివరగా పాత ఆయిల్ సంగతి. సెంట్రింగ్ చెక్కలకి పూసేది పూయగా మిగతాది కాలవలోకి వంచెయ్యడం మన షెడ్లలో మామూలైపోయింది. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థమంటుంది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, వీటి నీళ్లు ఎక్కడికి పోతాయో మనకి తెలుసు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేటికే. ఫిల్టర్‌ని బోర్లించి రాత్రంతా కారనిచ్చి, ఆయిల్‌ని డబ్బాలో పట్టి, కొనేవాళ్లకి అప్పజెప్పమని మీ మెకానిక్‌కి చెప్పండి. ఓనరు అడిగితే వాళ్లు చేస్తారు.

గడువు గుర్తుండదనేవాళ్లకి మన పంచాంగంలోనే మందుంది. దసరాకి కారు కడిగి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. ఆపైన ఆశ్వయుజ బ్రహ్మోత్సవాలకి చిన్న తిరుపతి బయల్దేరతాం. ఈ దసరా నుంచి నిమ్మకాయలతో పాటు ఫిల్టర్ కూడా కొనండి. 10,000 నిండినా నిండకపోయినా మార్చండి. గట్ల మీదే ఎక్కువ తిరిగే బండైతే ఉగాదికి ఇంకోసారి.