‘ఆల్డ్ లాంగ్ సైన్’ మట్టు పుట్టుక

డిసెంబరు 31 నడిరేయి అనేక దేశములందు చేయి చేయి కలిపి పాడు ‘ఆల్డ్ లాంగ్ సైన్’ స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు పాటయని ప్రసిద్ధి. సాహిత్యమునకు మెరుగులు దిద్దినవా డాతడే. మట్టు మాత్రము ఆతనిది కాదు. 1788లో ఈ పాటను ఒక మిత్రురాలికి వ్రాసి పంపిన బర్న్సు, ఒక వృద్ధుడు పాడగా విని వ్రాసికొంటినని 1793లో ప్రచురణకర్త జార్జి తామ్సనుకు తెలిపెను. వరుస సామాన్యమైనదని కూడ చెప్పెను. 1796లో జేమ్సు జాన్సను సంపుటమున పాట అచ్చయినది వేరొక పాత వరుసతో. నేడు వినబడు వరుసతో దానిని తామ్సను ప్రకటించుట 1799లో, కవి గతించిన మూడేండ్లకు.

మరి యీ వరుస యెక్కడిది? ఆంగ్ల సంగీతకర్త విలియం షీల్డుదని కొందరి వాదము. 1782 డిసెంబరు 31న లండనులో ప్రదర్శింపబడిన ఆతని ‘రొజీనా’ సంగీతరూపకమున, తెర లేచుటకు ముందు వాయించు భాగము చివర, ఇట్టి వరుసయే వినవచ్చును. ఈ వాదమును మేము అంగీకరింపజాలము. అచ్చట వాద్యములు బ్యాగ్‌పైపు అను తిత్తివాద్యమును అనుకరింపవలెనని షీల్డే నిర్దేశించెను. పల్లె వాద్యమును తలపింపజేయుట ఆతని యుద్దేశమైనప్పుడు, వరుస సొంతమనుటకు బలమేది? పైగా, అంతకు ఇరువది యేండ్లకు పూర్వమే రాబర్టు బ్రెమ్నరు ఎడింబరోలో ప్రకటించిన నృత్యపు వరుసల సంపుటమున ‘మిల్లర్స్ వెడ్డింగ్’, అనగా పిండిమరవాని పెండ్లి, అను ఫిడేలు మట్టు కలదు.

ఇది ‘స్ట్రాత్‌స్పే’ జాతి నృత్యపు మట్టు. పొట్టి స్వరమును తటాలున కొట్టి పొడుగు స్వరముపైకి దూకుట దాని నడక. విన్నవాని కాలు నిలువదు. ఆ దూకుడును అణచి, కాలమును సాగదీసినచో వీడ్కోలు పాట తొంగిచూచును. స్వరము స్వరమునకు సరిపోలదు గాని, పోలిక చెవికి దాగదు. జాన్సను సంపుటములలోని ‘కమిన్ త్రో ది రై’ కూడ దీని తోబుట్టువే.

మధ్యమ నిషాదములు లేని యీ పాటలో మనవారికి మోహనరాగచ్ఛాయ తోచును. అంతమాత్రమున చుట్టరికము కలుపరాదు. ఐదు స్వరముల పాటలు పెక్కు దేశములందు గలవు.

బ్రెమ్నరును కర్తయనుటయు పొరపాటే; ఆతడు ఫిడేలువాండ్ర వాడుకలోని వరుసలను అచ్చువేసినవాడు. మన పెండ్లిపాటల వరుస కట్టినదెవరని యడిగిన ముత్తైదువలు నవ్వరా? అచ్చులో పేరున్నవానికే సొత్తు కట్టబెట్టు విమర్శకులకు ఆ నవ్వు వినబడదు. ఈ వరుసకే రవీంద్రనాథ ఠాకూరు బంగాళీ సాహిత్యము కూర్చెను. బంగాళమున నది రవీంద్రసంగీతముగనే చెల్లుచున్నది.