ఆవుల్లేని కౌబాయ్

2022 నవంబరులో కృష్ణ మరణించాక నేను చదివిన నివాళి వ్యాసాలు చాలావరకు ‘మోసగాళ్ళకు మోసగాడు’ దగ్గర ఆగి, తొలి భారతీయ కౌబాయ్ చిత్రమని కితాబిచ్చి ముందుకు సాగాయి. ఆ కౌబాయ్ ఎవరి మనిషి అన్న ప్రశ్న వేసినవి నాకు కనబడలేదు.

1971 ఆగస్టులో ఆ చిత్రం వచ్చేనాటికే మా మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ళం సంగీత్‌లో ఇంగ్లీషు సినిమాలు మరిగినవాళ్ళం. మాటలు అర్థమయ్యేవి కావు. గుర్రమూ తుపాకీ అర్థమయ్యేవి. ఆ వేషం తెలుగు మాట్లాడేసరికి మా సంబరానికి మేర లేదు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం ఇవాళ చూసినా తీసిపారేసేవి కావు.

రచన ఆరుద్రది. రజాకార్ల దురంతాలు చూసి ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్రే! కూటికోసం రాశాడని కొట్టిపారేయడం సులువు గాని, అక్కడితో విమర్శ ఆగిపోతుంది. హాలీవుడ్ వెస్టర్న్‌కు ఒక నేల ఉంది. అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్న నేల. ఆ దోపిడీని అది వీరగాథగా తిప్పి చెప్పింది. అబద్ధమే, కాని దాని వెనక చరిత్ర ఉంది. కౌబాయ్ నిజానికి పశువులు తోలే కూలివాడు. మన కౌబాయ్‌కి ఆవులూ లేవు, కూలీ లేదు. ఉన్నదల్లా నిధి వేట. చిత్రీకరణ రాజస్థాన్ ఎడారికి వెళ్ళింది అందం కోసమే కాదనుకుంటాను. తెలుగు పొలంలో గుర్రం దిగితే గట్టుమీద పాలేరు కనబడతాడు. ఈ పొలం ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. శ్రీకాకుళంలో ఆ ప్రశ్న మీద పారిన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. తుపాకీకి అప్పుడు తెలుగునాట ఒక అర్థం ఉంది. సినిమా దాన్ని ఊడదీసి ఆటవస్తువుగా మా చేతికిచ్చింది.

దీనికి కృష్ణను ఒక్కరినే బోనెక్కించడం అన్యాయం. 1974లో ఆయనే ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. అందులో శ్రీశ్రీ పాటకు జాతీయ బహుమతి వచ్చింది. ఆ తుపాకులకు చిరునామా ఉంది: 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి తెచ్చినవి. అడవిని మూసేసిన చట్టాలు, చాలీచాలని కూలికి మన్యంవారిచేత రోడ్డు పని చేయించిన బాస్టియన్ వాటికి గురి. నటుడు అదే నటుడు, గురి చూసే కన్ను అదే. అయినా ఈసారి హాల్లో మేము ఈలలు వేయడం మరిచిపోయాం. గంటందొర, మల్లుదొరలను కథానాయకుడి నీడన నిలబెట్టడం మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.