ముక్కు లేచే లెక్క

డ్రాగ్ రేసులో గెలుపోటములు చాలాసార్లు మొదటి 60 అడుగుల్లోనే తేలిపోతాయి. మలుపుల్లేని పందెం అది. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అంటే 1,320 అడుగులు దూసుకుపోవాలి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత రన్‌వేల మీద ఆడుకున్న ఈ ఆట, 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాక ఒక పద్ధతిలో పడింది. 1960ల నాటి కమారో, షెవెల్, మస్టాంగ్ కార్లు ఇప్పటికీ పందేల్లో ఉన్నాయి. వాటిని సొంత షెడ్డుల్లో విప్పి బిగించుకుని వారాంతాల్లో డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే పందెం దారికి, తెచ్చేవాళ్లు అమెరికా అంతటా కనిపిస్తారు. వాళ్ల దగ్గర పోగుపడిన విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చినది, బయటివాళ్లు పెద్దగా పట్టించుకోనిది ముందు స్ప్రింగుల ఎంపిక.

కారును తోసేవి వెనక చక్రాలు కదా, ముందు స్ప్రింగులతో పనేమిటి? బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే, కారు ముందుకు దూకినప్పుడు ముందు చక్రాల మీది బరువులో కొంత వెనక చక్రాల మీదికి పోతుంది. వెనక టైరును రోడ్డుకు అదిమిపట్టేది ఆ బరువే. ఎంత పోతుందో లెక్కకట్టడం తేలిక. 1969 కమారో సంగతి చూద్దాం. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 108 అంగుళాలు. డ్రైవరుతో కలిపి 3,200 పౌండ్లు, అంటే సుమారు 1,450 కిలోలు ఉందనుకుందాం. గరిమనాభి నేలకు 20 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. గురుత్వ త్వరణమంత త్వరణంతో బయల్దేరితే సుమారు 590 పౌండ్లు వెనక్కి మారతాయి.

ఈ లెక్కలో స్ప్రింగు ప్రసక్తే లేదు. మెత్తని స్ప్రింగు వేస్తే బరువంతా వెనక్కి పోతుందని చాలామంది చెప్పుకుంటారు. అలా పోదు. కారు ముక్కు, అంటే ముందు భాగం, లేవడం వల్ల గరిమనాభి ఒక అంగుళం పైకి వెళ్తే ఇంకో 30 పౌండ్లు కలుస్తాయి, అంతే. స్ప్రింగు పనల్లా ఆ బరువు మారే తీరును దిద్దడం. గట్టి స్ప్రింగు కొద్దిగా సాగగానే దాని తోపు అయిపోతుంది. ముక్కు ఎగిరి వెంటనే కిందికి పడితే, దాంతో పాటే వెనక టైరు మీది ఒత్తిడి కూడా ఊగుతుంది. ఆ ఊగులో టైరు పట్టు జారిందంటే ఇంజను బలమంతా పొగైపోయినట్టే. మెత్తని స్ప్రింగుతో ముక్కు నిదానంగా, ఎక్కువ దూరం లేస్తుంది.

మెత్తనిదొక్కటే ఉంటే చాలదు, పొడవుగా కూడా ఉండాలి. ఈ విద్యకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపికగా చూద్దాం. కమారోలో స్ప్రింగు, చక్రాన్ని ఫ్రేముకు కలిపే కింది కంట్రోల్ ఆర్మ్ మీద కూర్చుంటుంది, చక్రానికి దూరంగా, లోపలి వైపు. అది ఆర్మ్ లోపలి కీలుకూ చక్రానికీ సరిగ్గా మధ్యలో ఉందనుకుంటే, చక్రం మోసే బరువుకు రెండింతలు స్ప్రింగు మోయాలి. చక్రం, బ్రేకుల బరువు తీసేయగా ఒక్కో పక్క 800 పౌండ్లు ఉంటే స్ప్రింగు మీద పడేది 1,600. అంగుళం నొక్కడానికి 600 పౌండ్లు కావాల్సిన స్ప్రింగు ఆ బరువుకు 2.7 అంగుళాలు దిగుతుంది. 300 పౌండ్లు చాలే స్ప్రింగు 5.3 అంగుళాలు దిగుతుంది. కారు రెండిటి మీదా ఒకే ఎత్తున నిలబడాలంటే మెత్తని స్ప్రింగు విడిగా ఉన్నప్పుడు రెండున్నర అంగుళాలకు పైగా పొడవుండాలి. అలా నొక్కుకుని కూర్చున్న మెత్తని స్ప్రింగులో దాగిన శక్తి గట్టిదానికి రెండింతలు. బయల్దేరినప్పుడు ఒక్కో ముందు చక్రం మీద 295 పౌండ్లు తగ్గితే, గట్టి స్ప్రింగున్న కారు ముందు భాగం 2 అంగుళాలు లేస్తుంది, మెత్తని స్ప్రింగున్నది 4 అంగుళాలు.

స్ప్రింగు పొడవుగా ఉంది కదా అని కారును ఎత్తుగా నిలబెడితే పనంతా చెడుతుంది. నిలబడి ఉన్నప్పుడే ముక్కు పైకుంటే ఇక లేవడానికి జాగా ఏదీ? 1960ల తొలినాళ్లలో గాసర్లు అనే కార్లకు ముందు భాగాన్ని బాగా ఎత్తి నిలబెట్టేవారు. చూపుకి గొప్పగా ఉండేవి, నాకూ ఇష్టమే. తర్వాత తరాలవాళ్లు మాత్రం ముక్కును కిందికి ఉంచి, పైకి లేచే దూరాన్ని మిగుల్చుకోవడమే మేలని తేల్చారు.

రేసు స్ప్రింగులు దుకాణాల్లోకి రాకముందు కుర్రాళ్లు పాత ఇనుము యార్డుల్లో ఆరు సిలిండర్ల కారు స్ప్రింగుల కోసం వెతికేవారు. తేలిక ఇంజను కోసం చేసినవి కాబట్టి అవి మెత్తగా ఉండేవి. ఎత్తు తగ్గించాలని స్ప్రింగు చుట్టలు కోసేసేవాళ్లూ ఉన్నారు. చుట్ట తగ్గితే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. కావాల్సిందానికి అది సరిగ్గా ఎదురు. గ్యాసు మంటతో కాల్చి కూర్చోబెట్టడం అంతకన్నా ఘోరం, ఉక్కు పదును పోతుంది. తీగ మందం కూడా కంటికి ఆనని తేడాతోనే మోసం చేస్తుంది. మందం 5 శాతం పెరిగితే గట్టిదనం 20 శాతానికి పైగా పెరుగుతుంది. అందుకే చూపుతో స్ప్రింగును అంచనా కట్టేవాళ్ల మాట నమ్మకూడదు.

కేటలాగు తెరిచేముందు కారును నాలుగు చక్రాల తూకం మీద పెట్టాలి, డ్రైవరు సీట్లో కూర్చుని, ట్యాంకులో పందెం నాటి పెట్రోలు ఉండగా. అల్యూమినియం సిలిండర్ హెడ్లు, ఫైబర్ గ్లాస్ బానెట్ వేశాక కారు బరువు ఫ్యాక్టరీ పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. పెద్ద ఇంజనుకు ఉద్దేశించిన స్ప్రింగు అలాంటి తేలిక కారుకు వేస్తే ముక్కు గాల్లో నిలబడి, అక్కడే బిగుసుకుంటుంది.

స్ప్రింగు సరైనదైనా దానికి అడ్డుపడేవి ఉంటాయి. కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు బిగిసిపోయి ఉంటే స్ప్రింగు బలంలో కొంత వాటితో కుస్తీకే పోతుంది. ముందు యాంటీ రోల్ బార్‌ను చాలామంది పందేనికి విప్పేస్తారు. 90/10 అని పిలిచే షాక్ అబ్జార్బర్లు ముక్కును తేలిగ్గా లేవనిచ్చి, మెల్లగా దిగనిస్తాయి. ఈ మెత్తని అమరిక రోజూ తిరిగే కారుకు మాత్రం వద్దు. ప్రతి గుంతకూ ముందు భాగం తేలుతూ ఉంటుంది, బ్రేకు కొడితే ముక్కు నేలకు దిగుతుంది. ముక్కు మరీ ఎక్కువ లేస్తే చక్రాల కోణాలు మారి స్టీరింగు దారి తప్పుతుంది కాబట్టి, కొంత ఎత్తు దాటకుండా పట్టీలు కట్టే పద్ధతీ ఉంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. నొక్కుకుని ఉన్న స్ప్రింగు విప్పడం ప్రాణాంతకమైన పని. సరైన స్ప్రింగు కంప్రెసర్ లేకుండా, స్ప్రింగును ఫ్రేముకు గొలుసుతో కట్టకుండా ఎవరూ దాని జోలికి పోకూడదు.

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ పెద్ద దూరమేమీ కాదు. పాత కార్లు పరుగెత్తే రోజు చూసుకుని పిల్లలతో వెళ్లండి. పరుగయ్యాక కార్లు నిలిపి సిద్ధం చేసుకునే పిట్స్‌లో ఏ పెద్దాయన కారు దగ్గరికైనా వెళ్లి, ముందు స్ప్రింగులు ఎలా ఎంచుకున్నారని అడగండి.