నీటి దారి వెంట వెతుకులాట

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కొండల నుంచి దిగే నదులు గులకరాళ్ల మేటల మధ్య పాయలుపాయలుగా చీలి పారుతాయి. ఆ లోతులేని నీటిలో ప్రొపెల్లరు పడవలకు దారి దొరకదు. ఈ ఇబ్బందిని దాటడానికి విలియం హామిల్టన్ 1950లలో రూపుదిద్దిన జెట్ బోటు, అడుగుభాగం నుంచి నీటిని లోనికి లాగి, ఇంపెల్లర్ అనే రెక్కల చక్రంతో దాని ఒత్తిడి పెంచి, వెనుకనున్న సన్నని ముక్కు గుండా వేగంగా చిమ్ముతూ ముందుకు సాగుతుంది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం సముద్రం నుంచి గంగకు ఎదురెక్కింది ఇలాంటి పడవల్లోనే.

ఈ పడవల్లో చాలావాటికి ఉన్న ఒక విశేషాన్ని గుర్తిస్తే, ఇంజిన్ మితిమీరి వేడెక్కినప్పుడు వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. పడవను నెట్టే నీటిలోనే కొంత భాగం, జెట్ పంపు ఒత్తిడితో ఒక గొట్టం గుండా మళ్లి, ఇంజిన్‌ను చల్లబరిచి, చివరకు పొగగొట్టంలో కలిసి బయటికి పోతుంది. నెట్టే శక్తికీ చల్లదనానికీ మూలం ఒకటే కనుక, ఒకదాని లోపం రెండోదానిలో కనిపిస్తుంది. ఇంజిన్ చుట్ల సంఖ్య పెరుగుతూ పడవ వేగం మాత్రం తగ్గుతోందంటే, అడుగున నీరు చొరబడే చోట అడ్డంగా బిగించిన గ్రిల్‌కు నాచో తీగలో చుట్టుకున్నాయని, లేదా ఇంపెల్లర్‌కూ దాని చుట్టూ ఉండే కంకణానికీ మధ్య ఖాళీ అరుగుదలతో పెరిగిందని ముందుగా అనుమానించాలి. అప్పుడు ఇంజిన్‌ను విప్పడం వృథా శ్రమ.

వేడి ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్న ప్రశ్నే ఎక్కువ చెబుతుంది. పడవ నిలకడగా ఉండి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు ఒత్తిడి సహజంగానే తక్కువ; ఆ స్థితిలోనే వేడిని చూపే ముల్లు పైకి పోతే, ఉన్న కొద్దిపాటి ఒత్తిడిని ఏదో హరిస్తోందని, ఉదాహరణకు గొట్టపు అతుకుల్లో గాలి చొరబడుతోందని భావించవచ్చు. నెమ్మదిగా తిరిగినంతసేపూ బాగుండి, వేగం పెంచగానే వేడెక్కితే, పెరిగిన వేడిని మోసుకుపోయేంత నీరు లోపల ప్రవహించడం లేదని అర్థం. ఇసుక నదుల్లో తిరిగే పడవలకు ఈ రెండో బాధ ఎక్కువ. నీటిలోని మలినాలను ఆపే స్ట్రైనర్ అనే జల్లెడ బుట్టను దాటిపోయిన సన్నని ఒండ్రు, సిలిండర్ల చుట్టూ ఉండే నీటి అరల అడుగున పేరుకుని గట్టిపడుతుంది. బుట్ట శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఆ అరలు కూడా శుభ్రంగా ఉన్నాయని అనుకోకూడదు.

చాలామంది తొలి అడుగుగా థర్మోస్టాట్‌ను, అంటే వేడిని బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ నీటి ప్రవాహాన్ని అదుపుచేసే కవాటాన్ని, తీసి పారేస్తారు. ఇది మంచి అలవాటు కాదు. అలా చేస్తే ఇంజిన్ తగిన వేడికి చేరక, కాలని ఇంధనం నూనెలో కలిసి దాన్ని పలచబరుస్తుంది. అసలు లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. సముద్రపు నీరే నేరుగా తిరిగే ఇంజిన్లకు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ వాడతారు, ఎందుకంటే వేడి అంతకు మించిన కొద్దీ ఉప్పు పదార్థాలు గోడలకు పొరకట్టడం ఎక్కువవుతుంది.

ముల్లు చూపే అంకెను కూడా గుడ్డిగా నమ్మలేము. వేడిని కొలిచే సెన్సర్ నీటిలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. నీరు పూర్తిగా ఆగిపోయి దాని చుట్టూ గాలో ఆవిరో మిగిలితే, లోహం కాలిపోతున్నా ముల్లు మామూలుగానే ఉండవచ్చు. అందుకే పొగగొట్టం వెంట నీరు పడుతోందా లేదా అన్నది అనుభవజ్ఞులు కంటితో చూసుకుంటారు. నీరు దండిగా పడుతూ ఉన్నా వేడి తగ్గకపోతే, అప్పుడు మాత్రమే ఇంధనాన్ని మండించే సమయం తప్పిందా, సిలిండర్ హెడ్ కింద ఉండే గాస్కెట్ అనే పలుచని పొర దెబ్బతిని మండిన వాయువులు నీటిలోకి చొరబడుతున్నాయా అని పరీక్షించడం న్యాయం.

పేరుకున్న ఒండ్రును కడగడానికి ఒడ్డున కొళాయి గొట్టం తగిలించేటప్పుడు వరుస తప్పకూడదు. చల్లబరిచే నీరు పొగగొట్టంలో కలిసే ఏర్పాటు ఉన్న పడవల్లో, ముందు ఇంజిన్ నడిపి తర్వాత కొళాయి తిప్పాలి, ముగించేటప్పుడు ముందు కొళాయి కట్టి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీరు వదిలితే, దాన్ని బయటికి నెట్టే పొగ ఒత్తిడి ఉండదు కనుక, ఆ నీరు వెనక్కి మళ్లి సిలిండర్లలో నిండుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి, మళ్లీ స్టార్టు చేసిన క్షణంలో పిస్టన్‌ను మోసే కడ్డీ వంగిపోవచ్చు.