కొల్లేటి కథయు, అడవి కథయు

నవలలు చదువుట విశ్వాసికి కాలహరణము కాదా యని అడుగు పెద్దలు మన పల్లె సంఘములలో ఇప్పటికిని కలరు. వారితో వాదము పెట్టుకొనుటకు ఇది వ్రాయుటలేదు. ప్రభువు విత్తువానిని గూర్చియు, కాపులేని అంజూరపు చెట్టును గూర్చియు కథలుగానే బోధించెనని మాత్రము జ్ఞాపకము చేసి, రెండు తెలుగు నవలలను చదువరుల యెదుట ఉంచుచున్నాను. ఒకటి నీటిని గూర్చినది, రెండవది అడవిని గూర్చినది. రెంటిలోను అడుగబడిన ప్రశ్న ఒకటే: మనుష్యుడు తన చుట్టునున్న సృష్టికి ఏమగును? యజమానుడా, పాలివాడా, దొంగయా?

చీరాల మొదలు రేపల్లె వరకు సముద్రపు ఒడ్డున కాపురమున్న మనకు ఇది దూరపు సంగతి కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొనెను. దాని పేరెత్తగానే మాట ఆగిపోవు ముసలివారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరనే తీరము దాటెను. పెద్ద వానలు పట్టినప్పుడు చీరాల పేటలలో గుంటమగ్గములలోనికి నీరు దిగి, నేతగాండ్రు చేతులు ముడుచుకొని కూర్చుండుట మనమెరిగినదే. భూమి వేడెక్కుచున్నది, సముద్రపు నీరు వేడెక్కిన కొలది తుఫానులు మోసికొనివచ్చు వాన హెచ్చుచున్నది అని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇంత జరుగుచున్నను గొప్ప నవలాకారులు దీనిని తమ కథలలోనికి రానీయకున్నారని అమితావ్ ఘోష్ అను బెంగాలీ రచయిత 2016లో ఇంగ్లీషున ఒక పుస్తకమే వ్రాసెను. ఆయన ఫిర్యాదు చాలవరకు న్యాయమైనది. అయితే తెలుగులో వెదకువారు 'వాతావరణ మార్పు' అను మాట కొరకు వెదకిన నిరాశపడుదురు. నీటి కొరకు వెదకవలెను. అప్పుడు కొల్లేరు కనబడును.

'కొల్లేటి జాడలు' వ్రాసిన అక్కినేని కుటుంబరావుగారు చలనచిత్ర దర్శకులు, కొల్లేటి ప్రాంతమున పుట్టినవారు. ఈ నవలను వసంత్ కన్నబిరాన్‌గారు ఇంగ్లీషులోనికి మార్చియున్నారు. కథను అర్థము చేసికొనుటకు ముందు ఆ సరస్సు చేయు పని తెలియవలెను. అది కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు వరదనీటిని తెచ్చి అందులో పోయును. ఉప్పుటేరు ఆ నీటిని మెల్లగా సముద్రమునకు చేర్చును. పంట హెచ్చిన యేట గాదె ఎట్లో, వాన హెచ్చిన యేట కొల్లేరు అట్లు.

ఆ గాదెను పాడుచేసినదెవరు? ఇక్కడ ఒక దుర్మార్గుని పేరు చెప్పగలిగిన మనకు సుఖముగా ఉండును. జరిగినది అది కాదు. 1970ల నడుమ ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘములకు సరస్సు గర్భములో చేపల చెరువులు ఇచ్చెను. పేదలకు మేలు చేయవలెననియే ఆ పని మొదలయ్యెను. పిమ్మట డబ్బుగలవారు ఆ చెరువులను కౌలుకు పట్టిరి, క్రొత్తవి త్రవ్విరి, గట్లపై గట్లు లేచెను. 1999లో దానిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో లోకప్రసిద్ధమైన చిత్తడినేలల రామ్‌సర్ పట్టీలో దాని పేరెక్కెను. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞలమీద అధికారులు గట్లు తెగగొట్టిరి, చాలచోట్ల అవి మరల లేచెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు విజయవాడ పేటలను ముంచెను. ఆ విపత్తునకు అతివృష్టి, గండ్లు, ఆక్రమణలు అని కారణములు పెక్కు గలవు. అయినను ఆ ఏరు చేరవలసిన గాదె ఏ స్థితిలో ఉన్నదో ఎరిగిన పిమ్మట ఈ నవలను చదువుట వేరు.

నేను పైన చెప్పిన సంవత్సరములు, లెక్కలు ఏ నివేదికలోనైనను దొరకును. నవల చేయునది వేరొక పని. అది సరస్సు చావుతో మొదలుపెట్టి మనలను ఏడిపింపదు. ముందు ఆ నీటితో మనకు పరిచయము కలిగించును. చేప, పక్షి, చేను, వరద, వీటి నడుమ పెరిగిన పిల్లవాని కన్నులతో ఊరిని చూపును. వరద ఆ ఊరివారికి శత్రువు మాత్రమే కాదు, ఎదురుచూడవలసిన చుట్టము కూడ. ఎరిగినవాడు చనిపోయిన కలుగు దుఃఖము ఎరుగనివాని మరణవార్తకు కలుగదు గదా! రచయిత బలమంతయు ఇక్కడ ఉన్నది.

ఆయన బలహీనత కూడ ఇక్కడనే ఉన్నదని నా తలంపు. బాల్యమును గూర్చి వ్రాయు కలము తేనెలో ముంచినట్లుండును. రచయిత కష్టములను దాచెనని నేననను. కాని పోయిన కాలము బంగారమని పాడుటకు ఆ కాలములో కొంత బంగారము చేతిలో ఉండవలెను. అప్పటి డెల్టా పల్లెలలో ఊరి వెలుపల బ్రదికిన కూలివారి బిడ్డ ఇదే నీటిని గూర్చి వ్రాసిన, ఏ రేవులో దిగనిచ్చిరి, ఏ రేవులో దిగనీయలేదు అను సంగతితో మొదలుపెట్టును. మన సంఘస్థులలో అనేకులు ఆ కూలివారి మనుమలే. నేడు వారిలో కొందరు చెరువులకు కావలి పోవుదురు, స్త్రీలు రొయ్యల తలలు తీయు షెడ్లలో దినకూలికి నిలువుకాళ్లపై నిలుతురు. చెరువు నీటిని చెడగొట్టుననుట నిజము. ఆ సాయంకాలపు అన్నము ఆ చెరువునుండియే వచ్చుననుటయు నిజము. సరస్సు కొరకు ఏడ్చు నవల ఈ రెండవ నిజమును ఎంతవరకు మోయగలదని అడుగు హక్కు మన చదువరులకు ఉన్నది. ఈ పుస్తకము కొంతవరకే మోసెనని నాకు తోచెను. అంతమాత్రమున దానిని ప్రక్కనబెట్టరాదు. సరస్సు చచ్చిన ముందుగా ఆకలిగొనువారు కూలివారే.

తేనె లేని పుస్తకము కావలెనన్నవారికి డాక్టర్ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' కలదు. ఈయన చిత్తూరు జిల్లావారు, 2015లో కాలము చేసిరి. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలోని కుష్ఠురోగుల ఆసుపత్రిలో అనేక సంవత్సరములు వైద్యము చేసిరి. ఆ ఆసుపత్రి ఇసబెల్ కెర్ అను మిషనెరీ వైద్యురాలి చేతిమీదుగా 1915లో వెలసినది. లోకము వెలివేసిన శరీరములను దినమెల్ల చూచిన కన్నులు ఈ కథను వ్రాసినవి. ఆ సంగతి పుటపుటను తెలియును.

కథ బహు చిన్నది. పందులు మేపుకొను ఒక ముసలివాడు. ఈనబోవు పంది సాయంకాలము మందతో ఇంటికి రాలేదు. దానిని వెదకుచు అతడు చీకటిలో అడవిలోనికి పోవును. పంది కనబడును, కాని అది ఇప్పుడు తల్లి. పిల్లల దగ్గరకు ఎవరిని రానీయదు, పెంచిన చేతిని కూడ నమ్మదు. చుట్టును నక్కలు. రాత్రి ఇంకను చాల మిగిలియున్నది. ఈ సంకటములో దోషి ఎవరు? పందియా? బిడ్డలను కాచుకొనుచున్నది. నక్కలా? వాటి ఆకలి వాటిది. ముసలివాడా? ఆ పందియే అతని ఆస్తి. ఒక్కరును తప్పు చేయకయే అందరును ఒకరిమీద నొకరు పడవలసి వచ్చుటను ఇంత చిన్న కథలో ఇంత స్పష్టముగా చూపినవారు మన భాషలో అరుదు. ప్రకృతి తల్లి యని ముద్దుగా పిలుచు కవిత్వమునకు ఇది మంచి విరుగుడు. ఈ ముసలివానికి అడవి తల్లి కాదు, శత్రువు కాదు. అతడు దానిని ఎరుగును, భయపడును, దానిలోనే బ్రదుకును.

తెల్లవారునప్పటికి అతని చేతిలో ఏమి మిగిలెనో ఇచ్చట చెప్పను, చదివి తెలిసికొనుడు. పేరులోని 'జయించాడు' అను మాటను మాత్రము కథ ముగిసిన పిమ్మట మరల చూడుడు. ఆదికాండము మొదటి అధ్యాయములో భూమిని లోబరచుకొను అధికారము మనుష్యునికి ఈయబడెనని మనము తరచుగా ప్రసంగింతుము. రెండవ అధ్యాయములో వానికి తోటను సేద్యము చేసి కాచు పని ఒప్పగింపబడెనని అంత తరచుగా ప్రసంగింపము. కొల్లేటి గట్లు మొదటి అధ్యాయమును మాత్రమే చదివినవారి పనివలె కనబడుచున్నవి. కేశవరెడ్డిగారి ముసలివాడు ఏ అధ్యాయమును చదివినవాడు కాడు. అయినను రాత్రియంతయు కావలి యున్నాడు.

ఈ రెంటిలో కేశవరెడ్డిగారి పుస్తకమే గొప్పదని నా తీర్పు. మనకు ఎక్కువ అవసరమైనది కుటుంబరావుగారిది. సాయంకాలపు కూటమి తరువాత ఒకరు చదువగా పదిమంది వినవలెనన్న మొదట అడవి కథను పట్టుడు. సంభాషణలలోని చిత్తూరు పలుకు మన కృష్ణాతీరపువారికి రెండు మూడు పుటలవరకు క్రొత్తగా ఉండును, పిమ్మట చెవికి అలవాటగును. కొల్లేటి కథను వానకాలమునకు ఉంచుకొనుడు.